మన హాస్టల్ కెమెరా: ఫోటో తీయడం నేర్చుకుందాం

మన హాస్టల్ వరండాలో నోటీసు బోర్డు పక్కన ఒక గ్రూపు ఫోటో ఉంది. మీరంతా రోజూ చూస్తున్నదే. 2023 ఫిబ్రవరిలో పదో తరగతి అన్నలకు వీడ్కోలు సభ జరిగిన రోజు తీసినది. అందులో వెనకాల మైదానం, జెండా కర్ర, వేపచెట్టు చాలా చక్కగా వచ్చాయి. స్కూలు గోడ మీద రాసిన అక్షరాలు కూడా చదవవచ్చు. ముందు నిలబడ్డ ముప్పై ఎనిమిది మంది ముఖాలు మాత్రం మసి పూసినట్టు ఉంటాయి. ఎవరు ఎవరో చొక్కాను బట్టి, ఎత్తును బట్టి గుర్తుపట్టాలి. మొదటి వరుస చివర కుర్చీలో కూర్చున్నది మన వంట పెద్దమ్మ. పదహారేళ్లు మనకు వండిపెట్టి ఆ ఏడాది జూన్‌లో రిటైర్ అయింది. ప్రింటు తెచ్చి చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "ఇందులో నేనేది నాయనా?" అని అడిగింది.

ఆ ఫోటో తీసింది నేనే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. కెమెరా అంటే బటన్ నొక్కితే అదే తీస్తుంది అనుకునేవాణ్ని. ఆ అన్నలందరినీ మళ్లీ ఒకచోట నిలబెట్టడం ఇక ఎవరి వల్లా కాదు. ఒకరు ఐటీఐలో, ఒకరు పాలిటెక్నిక్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు. అందుకే నేను ఏ తప్పు చేశానో, తరువాత ఏమి నేర్చుకున్నానో ఈ సంచికలో రాస్తున్నాను. తమ్ముళ్లు ఎవరైనా ఈ ఏడాది కెమెరా పట్టుకుంటే నా తప్పే మళ్లీ చేయకుండా ఉంటారని ఆశ.

కెమెరా సంగతి

మన దగ్గర ఉన్నది కానన్ పవర్‌షాట్ ఏ480. 2009లో వచ్చిన మోడల్. మన హాస్టల్లో చదివి ఉద్యోగం తెచ్చుకున్న ఒక అన్న, తాను ఫోను కొనుక్కున్నాక దీన్ని హాస్టల్‌కు ఇచ్చేశారు. 10 మెగాపిక్సెల్, 3.3 రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు, ఒక ఎస్‌డీ కార్డు. ఇంతే.

ఇప్పుడు అందరూ ఫోన్లతోనే తీస్తుంటే ఈ పాత కెమెరా ఎందుకని మీరు అడగవచ్చు. హాస్టల్లో మనకు ఫోన్లు లేవు, అది మొదటి కారణం. రెండో కారణం ఏమిటంటే, ఈనాటి ఫోను ఒక్క ఫోటోకు లోపల నాలుగైదు ఫోటోలు తీసి, వాటిని కలిపి, చీకటిని సరిచేసి మనకు ఇస్తుంది. ఏమి చేసిందో మనకు చెప్పదు. ఈ కెమెరాకు అంత తెలివి లేదు. కాబట్టి వెలుతురు గురించి మనమే నేర్చుకోవాలి. నేర్చుకున్నాక ఏ ఫోను ఇచ్చినా, ఏ పెద్ద కెమెరా ఇచ్చినా పనికొస్తుంది.

డిజిటల్ కెమెరాను మొదట తయారు చేసినది అమెరికాలో కొడాక్ కంపెనీలో పనిచేసిన స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు, 1975లో. దాని బరువు మూడున్నర కిలోల పైనే. ఫోటోను క్యాసెట్ టేపు మీద రాసుకునేది. ఒక్క ఫోటో రాయడానికి 23 సెకన్లు పట్టేది. ఆ ఫోటోలో ఉన్న చుక్కలు 10,000. మన కెమెరా ఫోటోలో నిలువుగా 2736, అడ్డంగా 3648 చుక్కలు ఉంటాయి. గుణించి చూడండి, ఇంచుమించు ఒక కోటి. దానికన్నా వెయ్యి రెట్లు. ఈ చుక్కలనే పిక్సెల్ అంటారు, పది లక్షల పిక్సెల్స్ ఒక మెగాపిక్సెల్.

అయితే మెగాపిక్సెల్ ఎక్కువైతే ఫోటో బాగుంటుందనేది షాపువాళ్ల మాట. మనం సాధారణంగా వేయించే 4×6 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేస్తే 1200×1800, అంటే 22 లక్షల చుక్కలు కూడా అవసరం లేదు. మన కెమెరా దగ్గర అంతకు నాలుగు రెట్లు పైనే ఉంది. వరండాలోని ఫోటో చెడిపోయింది పిక్సెల్స్ తక్కువై కాదు.

బకెట్లలో వాన

లెన్సు వెనక సెన్సర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. పాత కెమెరాల్లో ఫిల్మ్ చేసే పని ఇది చేస్తుంది. మన కెమెరాలోది అడ్డం 6 మిల్లీమీటర్ల చిల్లర, నిలువు నాలుగున్నర. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. దాని మీద ఆ కోటి గుంటలు ఉంటాయి. స్నానాల గదుల ముందు వరుసగా బకెట్లు పెట్టి ఉండగా వాన వచ్చిందనుకోండి. ఏ బకెట్లో ఎంత నీరు పడిందో కొలిస్తే ఎక్కడ వాన ఎక్కువ పడిందో, ఎక్కడ తక్కువ పడిందో తెలుస్తుంది కదా. సెన్సర్ చేసేది అదే. వాన బదులు వెలుతురు.

బకెట్‌కు నీళ్ల రంగు తెలియదు. అందుకని ఒక్కో గుంట మీద ఒక్కో రంగు అద్దం పెడతారు. సగం గుంటలకు ఆకుపచ్చ, పావు గుంటలకు ఎరుపు, పావు గుంటలకు నీలం. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువ పసిగడుతుంది కాబట్టి దానికి రెట్టింపు వాటా. ఈ ఏర్పాటు కనిపెట్టినది కూడా కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్. 1976లో పేటెంటు వచ్చింది. ఈనాటికీ చాలా కెమెరాల్లో, ఫోన్లలో ఇదే పద్ధతి.

పాత ఫిల్మ్ కెమెరాల్లో ఫిల్మ్ సైజు 36×24 మిల్లీమీటర్లు. మన సెన్సర్ అందులో ముప్పయ్యో వంతు. బకెట్లు చాలా చిన్నవి కాబట్టి వాటిలో పడే వెలుతురు తక్కువ. రాత్రిపూట గదిలో ట్యూబ్‌లైటు కింద తీస్తే ఫోటో నిండా రంగురంగుల రవ్వ కనిపించేది ఇందుకే. కెమెరాలో ఐఎస్ఓ అని ఒక లెక్క ఉంది, 80 నుంచి 1600 దాకా. ఆ అంకె పెంచితే వెలుతురు పెరగదు. వచ్చిన కొద్దిపాటి వెలుతురునే మైకు సౌండ్ పెంచినట్టు పెంచుతుంది. మైకు పెంచితే గురగుర కూడా పెరుగుతుంది కదా, అలాగే రవ్వ కూడా పెరుగుతుంది. పగలు 80 లేదా 100, తప్పనిసరి అయితే 400. 1600 పెట్టకండి, ముఖాలు నీళ్లలో తడిసిన కాగితం లాగా వస్తాయి.

ముఖాలు ఎందుకు నల్లబడ్డాయి?

ఈ వ్యాసంలో ముఖ్యమైనది ఇదే. మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

కెమెరాకు మనిషి ఎవరో, గోడ ఏదో, ఆకాశం ఏదో సరిగా తెలియదు. ఎదురుగా ఉన్న దృశ్యంలో మొత్తం మీద వెలుతురు ఎంత ఉందో కొలుస్తుంది. కొలిచి, అది మరీ తెలుపూ కాకుండా మరీ నలుపూ కాకుండా మధ్యరకం బూడిదరంగులా వచ్చేట్టు లోపలికి వెలుతురు వదులుతుంది. తనమీద పడ్డ వెలుతురులో 18 శాతం వెనక్కి పంపే బూడిదరంగును ఫోటోగ్రఫీలో కొలమానంగా పెట్టుకున్నారు. దృశ్యంలో అన్నీ సమపాళ్లలో ఉంటే ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. నేనేమో ఆ రోజు అన్నలను వరండా అంచున, ఎండకు వీపు పెట్టి నిలబెట్టాను. వెనక మధ్యాహ్నం మైదానం భగభగమంటోంది. కెమెరా ఆ మైదానాన్ని చూసి "అబ్బో, చాలా వెలుతురు" అనుకుని తగ్గించేసింది. నీడలో ఉన్న ముఖాలకు అందాల్సిన వెలుతురు అందలేదు.

సున్నం వేసిన గోడ ముందు తీసినా ఇదే జరుగుతుంది. తెల్ల గోడను కెమెరా బూడిదరంగు చేయాలని చూస్తుంది, గోడ మాసిపోతుంది, దానితో పాటు మన ముఖమూ మాసిపోతుంది. తెల్ల యూనిఫాం చొక్కాలు వేసుకున్న నలభై మందిని దగ్గరగా తీసినా అంతే. దీనికి ఉల్టా కూడా ఉంది. వెనక అంతా చీకటిగా ఉంటే కెమెరా ఎక్కువ వెలుతురు వదిలి ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది.

మరి ఏమి చేయాలి? అన్నిటికన్నా సులువైనది మనుషులను తిప్పడం. వెలుతురు మన వెనక నుంచి కాక మన ముఖం మీద పడాలి. అలాగని మధ్యాహ్నం ఎండలో ఎదురుగా నిలబెడితే కళ్లు చికిలిస్తారు, కళ్ల కింద గుంటలు పడతాయి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, లేదా సాయంత్రం అయిదు తరువాత బాగుంటుంది. మధ్యాహ్నమే తీయాల్సి వస్తే అందరినీ పూర్తిగా నీడలోకి తేండి, వెనకాల కూడా నీడే ఉండాలి. మన స్టోర్ రూము పక్క సందు దీనికి చాలా మంచి చోటు. ఎదురుగా ఎండ పడే సున్నం గోడ ఉంది కదా, ఆ గోడ మీద పడ్డ ఎండ మెత్తగా వచ్చి ముఖాల మీద పడుతుంది. అక్కడ పప్పు బస్తాలు దించుతుంటారని మనం దాన్ని పట్టించుకోం గానీ, ఫోటోకు అంత మంచి వెలుతురు మన కాంపౌండులో ఇంకెక్కడా లేదు. వేపచెట్టు కింద మాత్రం వద్దు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముక్కలు ముఖం మీద బొల్లి మచ్చల్లా వస్తాయి.

రెండో ఉపాయం. కెమెరాను ఆటోలోంచి "పి" లోకి మార్చండి. ఫంక్షన్ బటన్ నొక్కితే కూడిక, తీసివేత గుర్తు ఉన్న ఒక గీత వస్తుంది. దాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ఉంటుంది, ఒక్కో అడుగు మూడో వంతు. వెనక వెలుతురు ఎక్కువగా ఉన్నా, తెల్ల గోడ ఉన్నా ప్లస్ వైపు రెండు మూడు అడుగులు జరపండి. వెనక చీకటిగా ఉంటే మైనస్ వైపు. తీశాక తెర మీద చూసుకుని సరిచేసుకోవచ్చు. పని అయ్యాక మళ్లీ సున్నాకు తేవడం మరవకండి. నేను మరిచిపోయి ఆగస్టు 15 జెండా వందనం ఫోటోలన్నీ తెల్లగా పోగొట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వెలుతురు చాలక నల్లగా రావడం వేరు, నల్లగా ఉన్న మనిషి నల్లగా రావడం వేరు. సరిగా తీసిన ఫోటోలో నల్లని ముఖం మీద మెరుపు ఉంటుంది, నుదుటి గీతలు, కనుబొమలు, గడ్డం కింద నీడ అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మన జిల్లా పట్నంలో ఒక స్టూడియోకు హాల్ టికెట్టు ఫోటోల కోసం వెళ్తే, మేము అడగకుండానే మా అందరి ముఖాలనూ కంప్యూటర్లో తెల్లగా చేసి ఇచ్చారు. ఒకడి ముఖం ఎంత తెల్లబడిందంటే పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ మేడం వాణ్ని, ఫోటోనూ మార్చి మార్చి చూశారు. ఆయన మనకు మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. అది మంచి కాదు.

ఈ జబ్బు ఇవాళ్టిది కూడా కాదు. కలర్ ఫిల్మ్ రోజుల్లో, 1950ల నుంచి, రంగులు సరిగా వచ్చాయో లేదో చూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా ఫోటో కార్డు పంపేది. దాన్ని "షర్లీ కార్డు" అనేవారు. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ ఫోటో ఉండేది. ఆమె ముఖం బాగా వస్తే అందరివీ బాగా వచ్చినట్టే లెక్క. నల్లవారి ముఖాలు సరిగా రావడం లేదని వాళ్లు ఎంతోకాలం చెబుతూనే ఉన్నారు. 1990లలో గానీ నల్లజాతి స్త్రీ, ఆసియా స్త్రీ కూడా ఉన్న కార్డులు రాలేదు. ఫోన్లలో చూస్తే, 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనుతో "రియల్ టోన్" అని, నల్లని చర్మం రంగు ఉన్నది ఉన్నట్టు రావడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేశామని ప్రకటించింది. మన 2009 కెమెరాకు అవేవీ లేవు. మనకు ఉన్నది ఆ ప్లస్, మైనస్ గీత ఒక్కటే. దాన్ని వాడుకోండి.

సగం నొక్కి ఆగడం

బటన్‌ను ఒక్కసారిగా చివరిదాకా నొక్కకూడదు. మొదట సగం నొక్కి ఆగాలి. అప్పుడు కెమెరా దూరం, వెలుతురు రెండూ కొలుచుకుంటుంది. కుదిరితే రెండుసార్లు పిప్‌పిప్ అంటుంది, పచ్చ దీపం వెలుగుతుంది. ఆ తరువాత మెల్లగా మిగతా సగం నొక్కాలి. కొత్తగా పట్టుకున్నవాళ్లు ఒక్క దెబ్బకు నొక్కేస్తారు, కెమెరా అప్పుడు కొలవడం మొదలుపెడుతుంది, ఈలోగా క్యారమ్ బోర్డులో కాయిన్ గుంటలో పడిపోయి ఉంటుంది. కబడ్డీ ఫోటోలు అన్నీ ఆట అయిపోయాక తీసినట్టు వస్తున్నాయంటే కారణం ఇదే. ముందే గీత దగ్గరకు గురిపెట్టి సగం నొక్కి ఉంచుకోండి, రైడర్ రాగానే నొక్కండి.

మనిషి ఫోటోలో పక్కకు ఉండాలంటే కూడా ఈ సగం నొక్కుడే ఉపాయం. ముందు ముఖాన్ని మధ్యలో పెట్టి సగం నొక్కి, వేలు తీయకుండా కెమెరాను కొంచెం జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాలి.

పచ్చ దీపం బదులు నారింజ రంగు దీపం మినుకుమినుకుమంటే, వెలుతురు చాలడం లేదు, చెయ్యి కదిలితే ఫోటో చెదిరిపోతుంది అని హెచ్చరిక. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకోండి, స్తంభానికి వీపు ఆనించండి, ఊపిరి సగం వదిలి నొక్కండి. ఇంకా మంచిది, కెమెరాను ట్రంకు పెట్టె మీదో, పుస్తకాల దొంతర మీదో పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడండి. అప్పుడు వేలి కదలిక కూడా ఉండదు.

జూమ్ గురించి ఒక్క ముక్క. లెన్సు ముందుకు జరిగినంత వరకూ అది నిజమైన జూమ్. ఆ తరువాత వచ్చేది డిజిటల్ జూమ్. ఫోటో మధ్య ముక్కను కత్తిరించి పెద్దది చేయడం తప్ప మరేమీ కాదు. మెనూలోకి వెళ్లి దాన్ని ఆపేయండి. కావాలంటే నాలుగు అడుగులు ముందుకు నడవండి.

ఫ్లాష్, అంబేద్కర్ గారి పటం

ఇలాంటి చిన్న కెమెరా ఫ్లాష్ మూడు మీటర్లకు మించి పెద్దగా పనిచేయదు. దూరం రెట్టింపయితే అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. వార్షికోత్సవం రోజు వెనక వరుసలోంచి స్టేజీ మీద డాన్సును ఫ్లాష్ వేసి తీస్తే, ముందు కూర్చున్నవాళ్ల తలలు తెల్లగా వస్తాయి, స్టేజీ నల్లగా ఉంటుంది. ఫ్లాష్ ఆపేసి స్టేజీ లైట్లతోనే తీయండి. స్టేజీకి దగ్గరగా, పక్కగా కూర్చోండి.

ఫ్లాష్ నిజంగా పనికొచ్చేది పట్టపగలు! ఎండకు వీపు పెట్టి నిలబడ్డవాళ్లను తప్పనిసరిగా తీయాల్సి వస్తే, మెరుపు గుర్తు వచ్చేదాకా నొక్కి ఫ్లాష్ ఎప్పుడూ వెలిగేలా పెట్టి, రెండు మీటర్ల దూరంలో తీయండి. ముఖాల నీడ తొలగిపోతుంది. ఇద్దరు ముగ్గురికి బాగా పనిచేస్తుంది. ముప్పై ఎనిమిది మందికి చాలదు.

మన మీటింగు హాల్లో ఒక ఇబ్బంది ఉంది. గోడకు అంబేద్కర్ గారి పటం, జగ్జీవన్ రామ్ గారి పటం అద్దం ఫ్రేముల్లో ఉన్నాయి. ఏప్రిల్ 14న దండ వేసి వాటి ముందు నిలబడి ఫోటో దిగడం మన అలవాటు. ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేస్తే సరిగ్గా అంబేద్కర్ గారి ముఖం మీద తెల్లని బంతి పడుతుంది. మూడేళ్ల ఫోటోలు తిరగేశాను, అన్నిటిలో అంతే. క్యారమ్ స్ట్రయికర్ గట్టుకు తగిలి ఎటు పోతుందో వెలుతురు కూడా అద్దానికి తగిలి అటే పోతుంది. కాబట్టి రెండడుగులు పక్కకు జరిగి కొంచెం ఏటవాలుగా తీయండి, ఆ మెరుపు కెమెరాలోకి రాదు. లేదా కిటికీలన్నీ తెరిచి ఫ్లాష్ లేకుండా తీయండి. మన హాల్లో ట్యూబ్‌లైట్లు వేసినప్పుడు ముఖాలు పచ్చగా వస్తే, వైట్ బ్యాలెన్స్‌లో ట్యూబ్‌లైటు గుర్తు ఎంచుకోండి.

సెల్లులు, కార్డు

కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్లులు గోడ గడియారానికి సరిపోతాయి, కెమెరాకు కాదు. లెన్సు బయటికి రావడానికి, ఫ్లాష్ నిండడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అవి అంత ఇవ్వలేవు. నాలుగైదు ఫోటోలకే కెమెరా ఆగిపోతుంది, సెల్లులు చచ్చిపోయాయని పారేస్తాం. అవే సెల్లులు గడియారంలో వేస్తే ఇంకా చాలాకాలం నడుస్తాయి. చార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు నాలుగు, ఒక చార్జర్ కొనుక్కోవడం మంచిది. వాటి మీద 1.2 వోల్టులు అని ఉంటుంది, తక్కువ అని భయపడకండి, బాగా పనిచేస్తాయి. కొత్తదీ పాతదీ కలిపి వేయకండి. నెలల తరబడి కెమెరా వాడకపోతే సెల్లులు బయటికి తీసి ఉంచండి. అయితే చాలా రోజులు సెల్లులు లేకుండా ఉంటే లోపలి గడియారం చెరిగిపోతుంది. మళ్లీ వేసినప్పుడు తేదీ, టైము సరిచేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన కంప్యూటర్లో ఒక ఏడాది సంక్రాంతి ముగ్గులు, బాలల దినోత్సవం ఫోటోలు అన్నీ ఒకే పాత తేదీతో కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎప్పటిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఎస్‌డీ కార్డుల్లో సాధారణంగా దొరికేవి మూడు రకాలు. 2 జీబీ దాకా మామూలు ఎస్‌డీ, 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. ఈ పాత కెమెరాలో మూడో రకం వేసుకోవద్దు. ఎవరైనా 64 జీబీ కార్డు ఇస్తామంటే తీసుకోకండి. మనకున్న 2 జీబీలోనే ఒక్కోటి 3 ఎంబీ చొప్పున ఆరువందలకు పైగా ఫోటోలు పడతాయి. కార్డు పక్కన చిన్న మీట ఉంటుంది. అది కిందికి జారి ఉంటే కార్డు లాక్ అయిందని కెమెరా మొరాయిస్తుంది. కెమెరా చెడిపోయిందని కంగారు పడవద్దు, మీటను పైకి జరపండి చాలు.

పొరపాటున ఫోటోలు డిలీట్ చేసినా, ఫార్మాట్ అయినా, వెంటనే కెమెరా ఆపేయండి. ఆ కార్డు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. డిలీట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపడం లాంటిది, లోపలి పేజీలు చాలావరకు అలాగే ఉంటాయి. కొత్త ఫోటో తీస్తేనే వాటి మీద కొత్తది రాసుకుపోతుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మన కంప్యూటర్ సార్ ఒకసారి క్రీడోత్సవాల ఫోటోలు చాలావాటిని తిరిగి తెచ్చారు.

ఇంకొక ఉపయోగం. పువ్వు గుర్తు నొక్కితే చాలా దగ్గరి వస్తువులు తీయవచ్చు. మీ కుల ధ్రువీకరణ పత్రం, టీసీ, మార్కుల మెమో అన్నీ ఒకసారి పగటిపూట నీడలో నేల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా, కెమెరాను కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని తీసి పెట్టుకోండి. రెండేళ్ల కిందట వానకు డార్మిటరీ కారి ఎవరి ట్రంకులో కాగితాలు తడిశాయో మీకు తెలుసు. ఫోటో ఉంటే నంబరయినా ఉంటుంది, కొత్తది తెచ్చుకోవడానికి దారి ఉంటుంది.

అడిగి తీయండి

స్నానం చేసేవాళ్లను, నిద్రపోయేవాళ్లను, జ్వరంతో పడుకున్నవాళ్లను తీయకండి. వద్దన్నవాణ్ని తీయకండి. చిన్నప్పుడు మన దగ్గరకు దుప్పట్లు పంచడానికి కొందరు వచ్చేవారు. దుప్పటి చేతికిచ్చి, వాళ్లూ ఒక చివర పట్టుకుని, కెమెరా వైపు చూడమనేవారు. ఫోటో సరిగా రాలేదని ఒకసారి ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. నేను ఆరో తరగతిలో ఉన్నాను, నాకు గుర్తుంది. ఆ ఫోటోలు ఎక్కడ ఉన్నాయో, ఎవరు చూశారో మాకు తెలియదు. మాకు ఒక్క ప్రింటు కూడా ఇవ్వలేదు. మీరు ఎవరి ఫోటో తీసినా వాళ్లకు చూపించండి, వీలైతే ప్రింటు ఇవ్వండి.

పెద్దమ్మ ఫోటో

2023 దసరా సెలవుల్లో నేనూ నా స్నేహితుడూ కెమెరా తీసుకుని బస్సెక్కి పెద్దమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. మమ్మల్ని చూసి ముందు అన్నం పెట్టింది. ఫోటో కోసం వచ్చామంటే లోపలికి వెళ్లి కూతురు పెట్టిన జరీ చీర కట్టుకుని, పౌడర్ రాసుకుని వచ్చింది. మిట్ట మధ్యాహ్నం. ఇంటి ముందు చెట్టు కింద వద్దనుకున్నాం. గడప మీద కూర్చోమంటే "గడప మీద కూర్చోకూడదురా" అని కోప్పడింది. గడపకు లోపలివైపు పీట వేసి కూర్చోబెట్టాం. వాకిట్లో పడ్డ ఎండ మెత్తగా లోపలికి వచ్చి ఆమె మీద పడుతోంది, వెనక ఇల్లంతా చీకటి.

మొదటి ఫోటోలో ముఖం పాలిపోయి వచ్చింది. వెనక చీకటి చూసి కెమెరా ఎక్కువ వెలుతురు వదిలింది. మైనస్ వైపు రెండు అడుగులు జరిపాను. అప్పుడు నుదుటి మీద బొట్టు, పక్కన చెమట చుక్క, పొయ్యి సెగకు కాలిన ముంజేతి మచ్చ కూడా కనిపించాయి. కంటి మీద గురిపెట్టి, సగం నొక్కి, పిప్‌పిప్ అన్నాక నొక్కాను. మొత్తం పదకొండు తీశాను. వాటిలో నవ్వుతున్నది ఒకటి నాకు చాలా నచ్చింది. తెర మీద అన్నీ ఒక్కొక్కటిగా చూపించాను. ఆమె నవ్వుతున్నది వద్దంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పెదవులు బిగించి, సూటిగా చూస్తున్నది ఎంచుకుంది. "ఇది నేను" అంది.

అదే ప్రింటు వేయించాం. ఒకటి ఆమెకు పంపాం, ఒకటి మన వంటగదిలో పాత్రల అలమర పైన ఉంది. వరండాలోని గ్రూపు ఫోటోను తీసేద్దామని నేను వార్డెన్ సార్‌ను అడిగాను. అన్నలు వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి తమను తాము వెతుక్కుంటున్నారు, ఉండనీ అన్నారు.

కెమెరా వార్డెన్ సార్ బీరువాలో రెండో అరలో ఉంటుంది. రిజిస్టర్లో పేరు, తీసుకున్న టైము రాసి సంతకం పెట్టి తీసుకోవచ్చు. మైదానంలో వాడేటప్పుడు మెడకో చేతికో తాడు తగిలించుకోండి. ఇసుక పడితే లెన్సు ఇరుక్కుపోతుంది. లెన్సును చొక్కా అంచుతో తుడవకండి, సంచిలో మెత్తని నూలు గుడ్డ ఉంది. తిరిగి ఇచ్చేముందు ప్లస్, మైనస్ గీతను సున్నాకు తెచ్చి ఇవ్వండి.